మబ్బులంటే తెల్లారకముందు

మా కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద "వైవిధ్యమే మన బలం, సమ్మిళితమే మన బాట" అని పెద్ద అక్షరాల్లో రాయించారు. అది చూసి మా వార్డు ఆయమ్మ, సమ్మిళితం అంటే కొత్తగా వచ్చిన మందా మేడం అని నన్నడిగింది. అందరినీ కలుపుకుపోవడం అని చెప్పాను. అట్లనా అని బకెట్టు ఎత్తుకుని తన పని మీద తాను పోయింది. ఆయమ్మలు తాగే నీళ్ళ క్యాను వేరు, మేము తాగే క్యాను వేరు. రెండూ ఆ గేటు దాటగానే వరండాలో పక్కపక్కనే ఉంటాయి.

గద్వాల నుంచీ, వనపర్తి నుంచీ, నాగర్‌కర్నూల్ నుంచీ జనం వచ్చే దవాఖాన మాది. కాలేజీ పేరు చెప్పను. చెబితే సంజాయిషీలు రాసుకుంటూ కూర్చోవాలి, నాకంత ఓపిక లేదు. జనరల్ మెడిసిన్ డిపార్ట్‌మెంట్‌లో అసోసియేట్ ప్రొఫెసర్‌ని. మాది పెద్దమందడి దగ్గర ఒక పల్లె. మా అమ్మానాన్నలు మట్టి పనికి ఊళ్ళు పట్టుకుని తిరిగినవాళ్ళు. వారంలో ఆరు రోజులు తట్ట మోసి, ఆదివారం ఎక్కడ చర్చి కనిపిస్తే అక్కడ మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. నేను ఆడదాన్ని, దళితురాలిని, పైగా ఇక్కడిదాన్ని. ఒకే మనిషిలో ఇన్ని దొరికితే ఎవరు వదులుతారు? అందరినీ కలుపుకుపోవాలని పైనుంచి ఉత్తర్వు రాగానే దానికో కమిటీ వేసి నన్ను కన్వీనర్‌ను చేశారు. మీకన్నా తగినవాళ్ళు ఎవరున్నారు మేడం అన్నారు ప్రిన్సిపాల్ గారు, చాలా మర్యాదగా.

ఆయన అన్నది నిజమే. మా డిపార్ట్‌మెంట్‌లో ఇక్కడ పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు శుక్రవారం మధ్యాహ్నం అయ్యేసరికి బ్యాగులు సర్దుకుని హైదరాబాద్ దారి పడతారు. వాళ్ళను తప్పుపట్టను, పెళ్ళాం పిల్లలు అక్కడున్నారు మరి. కానీ నాకొక దిగులు ఉండేది. నేను రిటైరై వెళ్ళిపోయాక ఈ డిపార్ట్‌మెంట్‌లో మా దిక్కు మనిషి ఒక్కరైనా ఉండాలి. రోగి నోరు తెరిస్తే ఏమంటున్నదో పక్కవాళ్ళను అడగకుండా తెలిసే డాక్టరు ఒక్కరైనా ఉండాలి. ఆ కమిటీ నుంచి నేను ఆశించింది అంతకుమించి ఏమీ లేదు.

అలాంటి పిల్ల ఒకతె దొరికింది కూడా. ఫైనలియర్ విద్యార్థిని. బిజినేపల్లి అవతల పల్లె. అమ్మానాన్నలు ఏడాదిలో సగం పూణే వైపు బిల్డింగు పనుల్లో ఉంటారు. అవ్వ దగ్గర కొన్నాళ్ళు, హాస్టళ్ళలో కొన్నాళ్ళు పెరిగింది. రోగి మంచం మీద కూర్చోకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ పిల్ల కూర్చునేది. "ఏందవ్వ, పానం ఎట్లున్నది" అని మొదలుపెట్టేది. అంతే, ముసలమ్మలు మూట విప్పేవాళ్ళు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న సూదులు, మధ్యలో ఆపేసిన గోలీలు, కొడుకు తాగుడు, అన్నీ బయటికొచ్చేవి. మా పీజీలు అరగంట కూర్చుని రాసిన కేస్ షీట్‌లో అవేవీ ఉండేవి కావు. ఎండీ చేసి మా దగ్గరికే రావే అని ఒకసారి అన్నాను. చూస్తం మేడం అని నవ్వింది. ఆ నవ్వును నేను అవుననే లెక్కేసుకున్నాను. చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు కొంచెం పొగరుగా కూడా ఉండేది, మా పిల్ల అని.

ఆ వానాకాలం ఒక పేషెంటు వచ్చింది. గద్వాల అవతల, కర్ణాటక పొలిమేర దగ్గరి ఊరు. సీడు పత్తి చేలల్లో కూలి. అంటే విత్తనం కోసం పూలను ఒక్కొక్కటీ చేత్తో కలిపే పని. ఆమెకు నలభై దాటి ఉంటాయి. దమ్ము అని వచ్చింది. ఇక్కడ ఊపిరాడకపోతే దమ్ము అంటారు. ఆ పిల్ల ఆమె మంచం మీద కూర్చుని, తన పద్ధతిలో అన్నీ అడిగి, కేసు తయారు చేసుకుంది.

మరుసటి రోజు రౌండ్స్. మా డిపార్ట్‌మెంట్ హెడ్డు ముందు, వెనక నేను, మా వెనక పీజీలు, విద్యార్థులు. హెడ్డు గారి గురించి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాదు. పాఠం చెప్పడమంటే ఆయనకు ప్రాణం. చాక్‌పీసు పట్టుకుంటే భోజనం కూడా మరిచిపోతాడు. ఇక్కడివాడు కాదు, అంతే.

ఆ పిల్ల లేచి ఇంగ్లీషులో కేసు చెప్పింది. నిద్రలో ఉండగా తెల్లవారకముందు ఊపిరాడక లేస్తుంది, లేచి కూర్చుంటే కాస్త నయమవుతుంది, గుండె జబ్బు అని నా అనుమానం అని. ఆయనకు అప్పటికే అది ఆస్తమా అని నమ్మకం కుదిరింది. ముందు రోజే నెబ్యులైజర్ రాసి ఉన్నాడు. ఒకసారి రోగినే అడుగుదాం అని పేషెంటు వైపు తిరిగాడు. దమ్ము ఎప్పుడొస్తుందమ్మా అని అడిగాడు.

"మబ్బుల వస్తది సారూ," అంది ఆమె.

"మబ్బులోనేనా?"

"అవు సారూ, మబ్బులనే. ఎండ వచ్చినంక జర నయమైతది."

ఆయన ముఖం వెలిగిపోయింది. విద్యార్థుల వైపు తిరిగి, విన్నారా, మబ్బు పడితే ఆయాసం, ఎండ కాస్తే ఉపశమనం, చల్లదనం పడని ఆస్తమాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు అన్నాడు. కిటికీలోంచి చూస్తే బయట నిజంగానే ముసురు పట్టి ఉంది. దేవుడు కూడా ఆయన పక్షానే ఉన్నాడనిపించింది.

ఆ పిల్ల ఊరుకోలేదు. ఇంగ్లీషు వదిలేసి, కంగారులో తెలుగులోకి వచ్చేసింది. "గట్ల కాదు సార్. మబ్బుల అంటే తెల్లారకముందల."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆమెను చూశాడు. కోపం లేదు, చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. "ముందు నువ్వు తెలుగు నేర్చుకోమ్మా," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల చెప్పింది నిజమే సార్, ఇక్కడ మబ్బుల లేచినం అంటే చీకటుండగానే లేచామని అర్థం, మా అమ్మ నన్ను మబ్బులనే లేపేది అని అక్కడే చెప్పాను. ఆయన చిరునవ్వు చెక్కుచెదరలేదు. మీరు కన్వీనర్ కదా మేడం, అలా అనకపోతే ఎలా అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఈసారి పేషెంటు కూడా నవ్వింది, ఎందుకో తెలియకుండానే, అందరూ నవ్వుతున్నారు కదా అని.

ఆ మధ్యాహ్నమే పేషెంటును పడుకోబెట్టి, ఎడమ పక్కకు తిప్పి, స్టెత్ పెట్టి విన్నాను. గుండె స్కాన్ రాశాను. ఆ పిల్ల అన్నట్టే గుండె జబ్బు, కవాటం సన్నబడిపోయి ఉంది. మందులు మారాయి, నెబ్యులైజర్ ఆగింది. హెడ్డు గారు రిపోర్టు చూసి, తల ఊపి, సంతకం పెట్టాడు. పేషెంటు తేరుకుని ఇంటికి వెళ్ళింది. తర్వాత కాలేజీ క్లినికల్ మీటింగులో ఆ కేసును ఆయనే చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. రోగిని శ్రద్ధగా అడిగితే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుందని మొదలుపెట్టాడు. అడిగిన పిల్ల చివరి బెంచీలో కూర్చుని ఉంది. ఆమె ఊసు రాలేదు. ఆయనకు గుర్తు లేదనే ఇప్పటికీ నా నమ్మకం. గుర్తుంచుకుని దాచి ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. కనీసం పోట్లాడ్డానికి ఎదుట ఒక మనిషి ఉండేవాడు.

పోయినదల్లా ఆ పిల్ల పేరు. ఆ రోజు నుంచి ఆమెను మబ్బు అన్నారు. మాలో మబ్బు అంటే ఇంకో అర్థం కూడా ఉంది, తొందరగా బుర్రకెక్కని మనిషిని మబ్బు మొఖం అంటారు. హైదరాబాద్ పిల్లలకు వేకువ అర్థం తెలియదు గానీ ఈ అర్థం బాగా తెలుసు. మెస్సులో మబ్బు, లైబ్రరీలో మబ్బు, వాట్సాప్ గ్రూపులో ఆమె పేరుకు బదులు నల్లని మేఘం బొమ్మ. వార్డులో ఆమె నోరు తెరవబోతే ఎవరో ఒకరు వెనకనుంచి ఉరుము చప్పుడు చేసేవారు. ఆమె మంచాల మీద కూర్చోవడం మానేసింది. నేను చెప్పినప్పుడు మానని పిల్ల.

నేను ఈ సంగతి కమిటీలో పెట్టాను. కన్వీనర్‌ని కదా, అదొక్కటే ఆ పదవికి పనికొచ్చే పని అనుకున్నాను. ఒక పిల్లను తన భాష మాట్లాడినందుకు ఎగతాళి చేస్తున్నారు, డాక్టర్లు రోగుల భాష నేర్చుకోవాలి, బయటనుంచి వచ్చే అధ్యాపకులకు ఇక్కడి మాటలు చెప్పే ఏర్పాటు చేయాలి అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది. అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. ఒకాయన, పిల్లలు సరదాకి అంటారు మేడం, మనం ర్యాగింగుల్లో పడినవి దీనికంటే ఎక్కువ అన్నాడు. ఒకావిడ, పాపం ఆ అమ్మాయికి ఆత్మవిశ్వాసం తక్కువున్నట్టుంది అంది. ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించి, మీరు మంచి విషయం మా దృష్టికి తెచ్చారు అన్నారు.

మరుసటి వారం నోటీసు అంటించారు. గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చిన విద్యార్థులకు సాయంత్రం పూట ప్రత్యేక తరగతులు. మంచి తెలుగు, మంచి ఇంగ్లీషు, నిలబడే తీరు, మాట్లాడే తీరు. కన్వీనర్ సూచన మేరకు అని కింద రాశారు. నేను ఆ నోటీసు ముందు నిలబడి చదివి, మళ్ళీ చదివాను. జబ్బు ఒకరికైతే మందు ఇంకొకరికి మింగించడం మా వృత్తిలో తప్పు. ఆ నోటీసులో అదే రాసి ఉంది, నా పేరు మీద. పోయి అరిచాను. ఇందులో తప్పేముంది మేడం, పిల్లలు బాగుపడితే మీకే మంచి పేరు కదా అన్నారు. మొదటి రోజే హాజరు కావలసినవాళ్ళలో ఆ పిల్ల ఉంది.

ఒకనాడు ఓపీ అయ్యాక ఆ పిల్లను నా గదికి పిలిచాను. కూర్చోమంటే కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆ క్లాసులకు పోకు, ఎవరేమంటారో నేను చూసుకుంటానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"పోతనే మేడం. మీరు నా గురించి కొట్లాడకుండ్రి. మీరు కొట్లాడినప్పుడల్లా గదొక కొత్త పేరైతున్నది."

నా కథ చెప్పాను. నేను హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు మొదటి వైవాలో తెల్వదు సార్ అన్నాను. తెలియదు అనడం కూడా తెలియదా అన్నారు ఎగ్జామినర్ గారు. ఆ సెలవుల్లో అద్దం ముందు నిలబడి తెలియదు, తెలియదు అని అలవాటు చేసుకున్నాను. ఇంటికి పోయి అమ్మతో కూడా అలాగే మాట్లాడాను. అమ్మ నాకు అన్నం పెడుతూ, మీరు అని పిలవడం మొదలుపెట్టింది. కావాలని కాదు, ఆ భాష వినగానే ఆమె నోటికి అదే వచ్చింది. ఎదురుగా ఉన్నది దొరసాని అయినట్టు. ఆ మీరును మళ్ళీ నువ్వు చేసుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. అందుకే నీకు ఆ గతి పట్టకూడదని నా బాధ అన్నాను.

ఆ పిల్ల అంతా విన్నది. విని, చాలా మామూలుగా, "నేను పాథాలజీ తీసుకుందామనుకుంటున్న మేడం," అంది. "గక్కడ మైక్రోస్కోపు కింద పెట్టే గాజు పలకలే ఉంటయి. మాట్లాడే పని ఉండదు."

ఎండీ మెడిసిన్ సంగతేమిటని నేను అడగలేదు. పాథాలజీ తక్కువ శాఖ అని కాదు. ఆమె దాన్ని ఇష్టపడి కోరుకుంటే నేను సంతోషించేదాన్ని. ఆమె మనుషుల నుంచి పారిపోతోంది. మంచం అంచున కూర్చుని పానం ఎట్లున్నది అని అడగగలిగిన పిల్ల, మాట్లాడనక్కర్లేని చోటు వెతుక్కుంటోంది. ఆమె వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను. ఇన్నేళ్ళు ఈ గోడల మధ్య నేను ఉండి ఏం చేసినట్టు అనిపించింది.

వైవిధ్య దినోత్సవం ఘనంగా జరిగింది. లేడీ డాక్టర్లందరూ గద్వాల చీరలు కట్టుకొచ్చారు. నేనూ కట్టుకున్నాను, కన్వీనర్‌ను కదా. స్టేజీ మీద జొన్న రొట్టెలు, పల్లీల పచ్చడి పెట్టి పల్లె వాతావరణం అన్నారు. లంబాడా పిల్లను ఒకతెను ఆ దుస్తుల్లో నిలబెట్టి అందరూ పక్కన ఫోటోలు దిగారు. ఆ అమ్మాయికి చెమటలు పట్టి కుడి కాలు మార్చి ఎడమ కాలు మీద నిలబడుతోంది. యాంకరింగ్ చేసింది మా పిల్లే. సాయంత్రం క్లాసుల ఫలితం చూపించాలని ఆమెకే ఇచ్చారు. "వేదికనలంకరించిన గౌరవనీయులైన పెద్దలకు" అని మొదలుపెట్టి, ఒక్క చోట తడబడకుండా, టీవీలో చదివినట్టు చదివింది. చప్పట్లు మోగిపోయాయి. హెడ్డు గారు నా పక్క కుర్చీలోంచి వంగి, ఎంత మార్పు చూశారా మేడం, అంతా మీ చలవే అన్నాడు. ఆయన కళ్ళలో నిజమైన సంతోషం ఉంది. నేను చప్పట్లు కొడుతున్నాను, చేతులు వాటంతట అవే కొడుతున్నాయి.

గద్వాల దిక్కు నుంచి వచ్చిన ఆ పేషెంటు మళ్ళీ కనిపించింది ఆ తర్వాతే. చలికాలం. కాళ్ళకు నీరు పట్టి, బస్సులో పడుతూ లేస్తూ వచ్చి మళ్ళీ చేరింది. నేను వార్డులోకి వెళ్ళేసరికి ఆ పిల్ల ఆమె మంచం పక్కన నిలబడి ఉంది. ముఖానికి మాస్కు, చేతిలో ప్యాడ్. మంచానికి రెండడుగుల దూరం. నేను గుమ్మం దగ్గరే ఆగాను.

"నమస్కారమండీ. తెల్లవారుజామున ఆయాసం ఏమైనా వస్తోందా?"

"లేదు మేడం. మంచిగనే ఉన్నది."

"మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా?"

"వాడుతున్న మేడం."

ఆ జవాబులు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తహసీల్దారు అడిగినా, మేస్త్రీ అడిగినా, పైనుంచి వచ్చినవాళ్ళు ఎవరడిగినా మావాళ్ళు చెప్పే జవాబులవి. మంచిగనే ఉన్నది. కాళ్ళు వాచి, మెడ నరాలు పొంగి, మాట మాటకూ రొప్పుతూ, మంచిగనే ఉన్నది. ఆ పిల్ల రాసుకుంటోంది.

పేషెంటు నన్ను చూసి గుర్తుపట్టింది. చెయ్యి చాపితే దగ్గరికి వెళ్ళాను. ఆమె నా మణికట్టు పట్టుకుని కిందికి లాగి, గొంతు తగ్గించింది.

"మబ్బుల మల్ల దమ్ము వస్తున్నదమ్మా. గోలీలు అయిపోయినయి, సీడు పని ఉండె, రాలేదు. పోయినపాలి ఒక పిల్ల ఉండె జూడు, మన తీరు మాట్లాడుతుండె. ఈడ్నే మంచం మీద కూసుంటుండె. గా పిల్ల లేదా?"

నేను తల ఎత్తాను. ఆ పిల్ల అక్కడే ఉంది. అంతా విన్నది. మాస్కు పైన ఆమె కళ్ళు నన్నే చూస్తున్నాయి. చెప్పు, నేనే అని చెప్పు అని నా మనసు మొత్తుకుంది. మాస్కు తియ్యి, మంచం మీద కూర్చో, ఏందవ్వ అను, ఒక్కసారి అను.

ఆ పిల్ల కలం మూత పెట్టుకుంది.

"ఆమె వెళ్ళిపోయిందండీ," అంది.

"అయ్యో," అంది పేషెంటు. నా చెయ్యి ఇంకా వదలలేదు. "మంచిగ అడుగుతుండె."